సోమవారం మోగిన గంట

చర్చిలో తన కూతురి పేరు చదవవలసిన ఆదివారం ఉదయం, మేరీ నగర శివారు అజీజ్‌నగర్‌లోని ఫామ్‌హౌస్ వంటింట్లో నిలబడి అతిథుల పిల్లలకు పూరీలు వత్తుతూ ఉంది. బయట పచ్చిక మీద ఆమె భర్త మారయ్య పైపుతో నీళ్లు కొడుతున్నాడు. ఒకప్పుడు అదే నేలలో అతని తండ్రి వంకాయ, చిక్కుడు పండించేవాడు.

వాళ్ల ఊరి చర్చిలో ఒక ఆచారం ఉంది. పెండ్లి కుదిరిన జంట పేర్లను వరుసగా మూడు ఆరాధనల్లో చదువుతారు. చదువుతున్నంతసేపూ పిల్ల తల్లిదండ్రులు లేచి నిలబడాలి. అభ్యంతరం ఉన్నవారు అప్పుడే చెప్పాలి. తల్లిదండ్రులు రాకపోతే పేర్లు చదవరు, చదవకపోతే చర్చిలో పెండ్లి లేదు.

ప్రేమజ్యోతి పెండ్లి భస్మ బుధవారానికి ముందు రోజున నిశ్చయమైంది. ఆ బుధవారం నుండి శ్రమదినాలు. ఈస్టరు వెళ్లేదాకా చర్చిలో పెండ్లిళ్లు చేయరు. ఈలోగా మిగిలినవి, ఈ ఆదివారంతో కలిపి, మూడే ఆదివారాలు. పెండ్లికొడుకు ఆనంద్ బాబు వాళ్లది ఇక్కడికి దగ్గర్లోని ప్రొద్దుటూరే. "చర్చిల కాకుంటే ఫంక్షన్ హాల్ల చేద్దాం, దానికేమాయె" అని వాళ్లు తేలికగానే అన్నారు. మేరీకి అది తేలిక కాలేదు. ఆ చర్చి గోడలకు రాళ్లు మోసినవాడు ఆమె మామ. భూమి పోయాక, ఇది మాది అని వేలు పెట్టి చూపడానికి ఆ ఊళ్లో ఆమెకు మిగిలినవి ఆ గోడలే.

ఈ ఆదివారం సెలవు ఇస్తానని ఫామ్‌హౌస్ యజమాని మాట ఇచ్చాడు. శనివారం సాయంత్రం కార్లు దిగాయి. "మేరీ, ఈ ఒక్కసారి ప్లీజ్" అన్నది ఆయన భార్య. చెడ్డ మనుషులు కారు. ఆ ఒక్కసారి ఏ ఆదివారంతోనూ ఆగదని తెలుసుకోవలసిన అవసరం వాళ్లకు ఎన్నడూ కలగలేదు, అంతే.

మరునాడు సోమవారం. ఫామ్‌హౌస్‌లు ఖాళీ అయ్యే రోజు గనుక పనివాళ్లకు అదే సెలవు. మేరీ పొద్దున్నే చర్చి ఆవరణకు వెళ్లింది. యువ పాస్టరు వరప్రసాద్, సంఘపెద్ద స్వామిదాసు వరండాలో కూర్చుని ఉన్నారు.

"చెల్లె, రూల్ రూలే" అన్నాడు స్వామిదాసు ఆమె నోరు తెరవకముందే. "నిలవడనోళ్ల బిడ్డ పేరు ఎట్ల చదువుతరు?"

"నిన్న చర్చికి ఎవరెవరు వచ్చిండ్రన్నా?"

పాస్టరే చెప్పాడు: "నేను, స్వామిదాసు గారు, ఇద్దరు ముసలవ్వలు. మోకిల విల్లాల నుంచి కార్లల్ల రెండు ఫ్యామిలీలు."

"ఆ కార్లోళ్లకు నా బిడ్డ ఎవరో ఎరుకేనా అయ్యగారు? ఎరుక లేనోళ్లు ఏం అభ్యంతరం చెప్తరు? దాన్ని పుట్టిన కాడికెల్లి చూసినోళ్లు ఒకరు గేటు కాడ, ఒకరు తోటల, ఒకరు పొయ్యి కాడ ఉన్నరు. ఆదివారమొస్తే మనూరంతా అజీజ్‌నగర్లనే ఉంటది."

"అయితే స్విమ్మింగ్ పూల్ కాడికొచ్చి చదవమంటవా?" అన్నాడు స్వామిదాసు.

"వద్దు. ఈడనే చదువుండ్రి. సోమవారం చదువుండ్రి."

"సోమవారం ఆరాధనా! దేవుని దినం ఆదివారం. ఏడన్న విన్నవా గిసొంటి ముచ్చట?"

"నీ రూములల్ల ఉన్న బీహారోళ్ల కిరాయిలు నీకు కూసున్న కాడికే వస్తయి, అందుకే నీకు ఆదివారం ఉన్నది. మాది భూమితోటే పోయింది. మంచి ధర వస్తున్నది, ఇయ్యుండ్రి, పని గూడ ఆడనే దొరుకుతదని చెప్పింది నువ్వే గదన్నా. దొరికింది. ఇగ సోమవారం మొక్కితే దేవుడు వినడా? ఆయనకు గూడ డ్యూటీ ఉంటదా?"

పాస్టరు నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు. స్వామిదాసు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరే. ఇయ్యాల పొద్దూకినంకనే పెడదాం. ఎవరొస్తరు? ముగ్గురొస్తరు. అప్పుడేమంటవు?"

"ముగ్గురే వస్తే ఫంక్షన్ హాలుకే పోత. మళ్ల ఈ గడప తొక్క."

ఆ మాట అని ఇంటికి వచ్చేసింది గాని, దారి పొడుగునా మేరీ ఎవరెవరు వస్తారో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. వారమంతా ఒళ్లు హూనం చేసుకున్న జనం ఉన్న ఒక్క సాయంత్రం వస్తారా? మధ్యాహ్నం నలుగురైదుగురిని పిలిచింది. "చూద్దాం తియ్యి వదినా" అన్నారు.

సాయంత్రమైంది. గంట కొట్టకుండా ఆరాధన మొదలుపెట్టడం స్వామిదాసుకు అలవాటు లేదు. వెళ్లి తాడు పట్టుకుని లాగాడు. ఆదివారం కాని రోజున ఆ గంట మోగితే ఊళ్లో ఎవరో చనిపోయారని అర్థం. ఈ సంగతి ఆయనకు తట్టలేదు, మేరీకీ తట్టలేదు.

జనం పరుగెత్తుకొచ్చారు. రాత్రి డ్యూటీకి బయలుదేరిన ఇద్దరు సెక్యూరిటీ గార్డులు యూనిఫారాలతోనే వచ్చారు. ఎదురింటి కవిత పిండి చేతులతో వచ్చింది. మేరీ పక్కింటి శంకరమ్మ గుళ్లో పూజకు కట్టుకున్న చీరతోనే వచ్చి గుమ్మం పట్టుకుని రొప్పింది.

"ఎవరు పోయిండ్రే మేరీ? మారయ్య బాగున్నడా?"

"ఎవరూ పోలేదక్కా. మా జ్యోతి పెండ్లి చదువుతున్నరు."

"నీ పాడుగాను! పెండ్లికి సావు గంట కొడతరా? నా పానం పోయినంత పనాయె." తిట్టింది గాని వెనక్కి పోలేదు. లోపలికి వచ్చి బెంచీ మీద కూలబడి, పక్కవాళ్లను జరగమంది. వచ్చినవాళ్లలో ఒక్కరూ వెనక్కి పోలేదు. బెంచీలు నిండాయి, మిగిలినవాళ్లు తలుపు దగ్గర, కిటికీల దగ్గర నిలబడ్డారు. ఆ చర్చి అట్లా నిండి ఎన్నేళ్లయిందో మేరీకి గుర్తు రాలేదు.

వరప్రసాద్ చదివాడు. మారయ్య, మేరీ లేచి నిలబడ్డారు. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉన్నచో ఇప్పుడే తెలుపవలెను" అన్నాక అతను ఆగాడు. మేరీ కూర్చోబోయింది.

ముందు బెంచీలో స్వామిదాసు లేచాడు.

మేరీ భర్త మణికట్టు పట్టుకుంది. స్వామిదాసు ఆమె వైపు చూడలేదు. నిండిన బెంచీలను, కిటికీల్లో ముఖాలను, తలుపు దగ్గరి యూనిఫారాలను చాలాసేపు చూశాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అభ్యంతరం ఉన్నది. తలుపు కాడున్నోళ్లకు వినవడ్తలేదు. అయ్యగారూ, మళ్ల మొదటికెల్లి జర గట్టిగ చదువుండ్రి."

మారయ్య, మేరీ మళ్లీ నిటారుగా నిలబడ్డారు.