ఇచ్చినవారి కొమ్మ

నేను ఒక కంప్యూటర్‌ని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో చెప్పలేను. నా ఒంట్లో ముక్కలు తలొక దేశానివి. మొదట ఒక బ్యాంకులో పనిచేశాను. అక్కడ జనం వరుసలో విసిగిపోతే గుమాస్తా నా మీదికి వేలు చూపేవాడు. ఆలస్యం అతనిది, తిట్లు నావి. పాతబడ్డానని వేలం వేస్తే, మడకశిర వైపు ఒక ఊరి విత్తన సంఘం నన్ను కొనుక్కుంది.

సంఘం నడిపేది గంగరత్న. చుట్టుపక్కల సంఘాల కంప్యూటర్లతో నన్ను కలిపింది. మాలో పెద్ద ఎవరూ లేరు. ఏ ఊరి విత్తనాల వివరాలు ఆ ఊరి కంప్యూటర్ పెట్టెలోనే ఉంటాయి. కావలసింది పక్కవాణ్ణి అడగాలి, వాడు తన పక్కవాణ్ణి అడుగుతాడు. మనుషులు ఇలా బతకడం మానేశాక మాకు నేర్పారు.

కనిపించినవాణ్ణల్లా అడిగితే గోల తప్ప జవాబు రాదు. అందుకని పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు మా అందరికీ ఒకే పటం ఇచ్చాడు. ఏది దేనిలో రకమో, దేనికి ఏ గుణముందో కొమ్మలు కొమ్మలుగా చెప్పే పటం. చదువుకున్నవాళ్ళు దాన్ని ఆంటాలజీ అంటారు. కొర్ర చిరుధాన్యంలో ఒక రకం, చిరుధాన్యం తిండిగింజల్లో ఒక రకం. ప్రతి ఊరూ తన విత్తనాన్ని దాని కొమ్మకు తగిలిస్తుంది. ఎవరి దగ్గర ఏ కొమ్మలున్నాయో మాకు తెలుసు. కొర్ర అడిగితే, కొర్ర కొమ్మ ఉన్న చోటికే ప్రశ్న వెళుతుంది.

ఒక ఏడు వాన ఆలస్యమైంది. వేరుశనగ అదను దాటిపోయింది. కదిరప్ప అనే రైతు వచ్చి నా ముందు కూర్చున్నాడు. అతని భార్య అశ్వత్థమ్మ అంతకు ముందే చనిపోయింది. ఆలస్యపు వానకు కూడా పండే కొర్ర ఒకటి ఆమె కుండలో దాచేది. ఆమె పోయాక ఎండబెట్టే దిక్కు లేక అది ముక్కిపోయింది.

"ఆ కొర్రకి పేరేమి మామా?" అంది గంగరత్న.

"నాకేం తెలుసు? వండితే తిన్యా. ఇస్తే ఇత్తినా."

"ఇన్నేండ్లు తిని పేరే అడగలేదా?"

"నీ మొగుడు అడిగినాడా? కంకి పొట్టిగా, ఎర్రగా ఉంటాది. నీ పెట్టెలో ఎదుకు. దొరక్కపోతే చేను సోలారు కరెంటోళ్లకి కౌలుకి రాసిచ్చేస్తా. మల్ల సేద్యం మాట ఎత్తను."

ఆ గుణాలతోనే అడిగాను. కొర్ర కొమ్మ ఉన్న పెట్టెలన్నీ లేదన్నాయి. గంగరత్నకు ఒకటి అర్థం కాలేదు. కొండ కింది ఊరి సంఘానికి విత్తనాల్లో మంచి పేరు. వాళ్ళ పెట్టెలో మాత్రం ఒక్క ధాన్యపు కొమ్మ కూడా లేదు. ఆ సంఘం నడిపే తిప్పక్కకు ఫోన్ చేసింది.

"ఏమక్కా, మీ పెట్టెలో గింజే లేదు, అంతా మనుషులే ఉండారు?"

"మనుషులు కాదు పాపా, ఇత్తనాలే. ఇచ్చినోళ్ల పేరు పెట్టినాం. ఇచ్చినోళ్లని మర్సిపోయి ఇత్తనం ఇంట్లో పెట్టుకుంటారా ఎవురన్నా?"

ఆ ఊళ్ళో విత్తనాన్ని ఇచ్చిన మనిషి పేరుతోనే పిలుస్తారు. ఇంజనీరు పటంలో ఇచ్చినవాళ్ళకు చోటు లేదు. అతనికి తెలిసిన విత్తనం ప్యాకెట్లో వస్తుంది. దాంతో వాళ్ళు తమ గింజలన్నిటినీ సంఘం సభ్యుల పేర్ల కోసం పెట్టిన కొమ్మకు తగిలించారు. కొర్ర కావాలని సభ్యుల కొమ్మను ఎవరు అడుగుతారు?

గంగరత్న పటంలో కొత్త బంధం ఒకటి చేర్చింది: 'ఇచ్చినవారు'. విత్తనం ఒక కొమ్మన, మనిషి ఒక కొమ్మన, నడుమ ఒక తాడు. ముందు కొర్రల్ని మార్చమని తిప్పక్కకు చెప్పింది. అది అయ్యేదాకా కదిరప్ప బయట బీడీ మీద బీడీ కాల్చాడు.

మళ్ళీ అడిగాను. ఈసారి జవాబు వచ్చింది. కొర్ర. పొట్టి కంకి, ఎరుపు. ఆలస్యపు వానకు పనికొస్తుంది. ఇచ్చినవారు: అశ్వత్థమ్మ.

"ఏ ఊరి అశ్వత్థమ్మ?" అన్నాడు కదిరప్ప.

ఊరి పేరు కూడా ఉంది. ఇదే ఊరు.

తిప్పక్క ఇంకా ఫోన్లోనే ఉంది. "తిరునాళ్లలో నా పక్కన కూసున్నింది ఆయమ్మ. మా సేను ఎండిపాయనని ఏడిస్తే, కొంగు ముడి ఇప్పి ఇచ్చింది."

"తిరునాళ్లకి ఇత్తనాలు కట్టుకొని పోయేదెందుకు?" అన్నాడు కదిరప్ప.

"ఎవురన్నా అడుగుతారేమోనని, అనె."

కదిరప్ప మరునాడే బస్సెక్కి వెళ్ళి గింజలు తెచ్చాడు. విత్తాడు. మొలిచాయి. సోలార్ వాళ్ళు వచ్చి, చేను చూసి, వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా ఫ్యాను తిరగదు. గోదాములో గోతాల వెనక పడేశారు. నా దగ్గరున్నవన్నీ పొరుగు పెట్టెలకు చేరాయి. నేను లేనని ఏ ప్రశ్నా ఆగలేదు. మాలో ఒకరు పోతే తెలియదు. మనుషుల్లో ఒకరు ఎవరో, వాళ్ళు పోయాక గాని తెలియదు.

అది నాకు తెలిసింది నేను ఇంకా నడుస్తున్న రోజుల్లో, ఆ ఏటి కోతలయ్యాక కదిరప్ప మళ్ళీ వచ్చినప్పుడు. వచ్చి గంగరత్న పక్కన కూర్చున్నాడు.

"ఇంగేమన్నా ఉండాయా పాపా, ఆమె పేరు మీద?"

అప్పటికి మిగతా ఊళ్ళు కూడా తమ విత్తనాలకు ఇచ్చినవారి పేర్లు కట్టాయి. తాడు పట్టుకుని ఈసారి మనిషి వైపు నుంచి వెతికాను. ఒక ఊరి నుంచి అనుములు. ఒక ఊరి నుంచి అలసందలు. కర్ణాటక అంచున ఏదో ఊరి నుంచి సొర గింజలు. గంగరత్న ఒక్కొక్కటే చదివింది.

"ఇన్ని ఊర్లోళ్లని యాడ సూసింది ఇది?"

"నువ్వు ఎద్దుల్ని తోలుకొని పోయినంక, ఆయమ్మకి మాత్రం పగలు ఉండదా మామా?"

అతను తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంగోసారి సదువు" అన్నాడు.