పసుపుపచ్చ నెత్తురు

తెర నిండా పసుపు.

శవం చొక్కా మీద పసుపు. శవం మెడ మీద పసుపు. పక్కన సిమెంటు నేల మీద, మడుగు కట్టి, ఎండకు మెరుస్తూ — పసుపు.

అది నెత్తురట.

సౌందర్య కుర్చీలో వెనక్కి వాలి చూసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక దాగిన గది. కిటికీ అవతల మెట్రో పోయినప్పుడల్లా బల్ల వణుకుతుంది. బల్ల మీద కంప్యూటర్ వణుకుతుంది. కంప్యూటర్‌లో శవం వణుకుతుంది.

నిజానికి ఆ శవం షూటింగ్‌లోనే వణికింది. ఊపిరి పీల్చింది, దోమను కూడా కొట్టుకుంది. ఆ మనిషిని సరిగ్గా చంపింది ఎడిటింగ్‌లో సౌందర్యే.

ఫిల్మ్ కోర్సులో ఆఖరి సినిమా. దర్శకుడు కార్తీక్. కథ కార్తీక్. ఇన్‌స్పెక్టర్ వేషం కార్తీక్. పోస్టర్ మీద ముఖం కార్తీక్.

మిగిలిన పని — కత్తిరించడం, అతికించడం, రంగులు సరిచేయడం — సౌందర్య.

నెత్తురు కోసం ఎవరికో దిష్టినీళ్లు గుర్తొచ్చాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రన, ప్రతి ఇంట్లో తెలిసిందే. పొద్దున కలిపారు. చొక్కా మీద పోశారు. ఎర్రగానే ఉంది. తర్వాత కార్తీక్ తన జుట్టు కోసం, తన నల్లద్దాల కోసం, తన కోసం కెమెరాను అటూ ఇటూ తిప్పించాడు. ఎండెక్కింది. ఎరుపు విరిగింది. మధ్యాహ్నానికి పసుపు తేలింది.

హత్య జరిగినట్టు లేదు. పెళ్లి భోజనంలో పప్పు ఒలికినట్టుంది.

ఎవరూ గమనించలేదు. అందరూ కార్తీక్‌నే చూస్తున్నారు. కార్తీక్ కూడా కార్తీక్‌నే చూస్తున్నాడు.

ఇంతకీ చంపిందెవరు? అది కథలో లేదు. రాసినవాడికే తెలియదు. తెలియకపోవడానికి ఓపెన్ ఎండింగ్ అని పేరు పెట్టుకున్నాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అసహ్యం... సౌందర్యకు ఈ సినిమా అంటే నిలువెల్లా అసహ్యం.

ఒక్క షాట్ తప్ప.

అందులో నాన్న ఉన్నాడు.

మీర్‌పేట్‌లో వాళ్ల గల్లీ. ఇన్‌స్పెక్టర్ వాకబు చేస్తూ నడుస్తుంటే, ఒక గుమ్మం ముందు నాన్న బిక్షమయ్య కూర్చుని గడపకు పసుపు రాస్తున్నాడు. అమ్మ పోయినప్పటి నుంచి శుక్రవారం పసుపు ఆయనే రాస్తాడు. గల్లీలో ఆడవాళ్లు నవ్వినా రాస్తాడు. మణికట్ల దాకా పసుపు చేతులు. కెమెరా మీదికి రాగానే తలెత్తాడు. నవ్వాడు. సినిమా మొత్తంలో నటించనిది ఆయనొక్కడే.

బాటసింగారం పండ్ల మార్కెట్లో ఆయన హమాలీ. ఆ షాట్ సంగతి మార్కెట్ అంతటికీ చెప్పాడు. శనివారం ఎల్బీనగర్ హాల్లో సినిమా వేస్తున్నారని, అందరూ రావాలని కూడా చెప్పాడు.

సౌందర్య తెర మీది పసుపును పట్టుకుంది. ఈ రంగు ఎక్కడున్నా ఎరుపు చెయ్యమని కంప్యూటర్‌కు చెప్పింది. సినిమా మొత్తానికీ ఒకటే దెబ్బ.

చొక్కా ఎర్రబడింది. నేల ఎర్రబడింది.

గడప ఎర్రబడింది.

నాన్న చేతులు ఎర్రబడ్డాయి.

మణికట్ల దాకా నెత్తురు. పైన అదే నవ్వు...

సరిచేద్దామని చెయ్యి చాపేలోగా వెనక నుంచి వచ్చిన కార్తీక్ ఆమె భుజం మీదుగా వంగాడు.

"దొరికిండు. చంపినోడు దొరికిండు. మీ నాన్ననే పెట్టేద్దాం."

ఆ చేతుల మీద ఆపి, సంగీతం పెంచి, అక్కడే సినిమా ముగించమన్నాడు. నాన్నకు చెప్పలేదు కదా అంటే, చెప్పేదేముంది, ఫేమస్ అయిపోతాడన్నాడు. ఒప్పుకోనంటే, ఆ షాట్ మొత్తం లేపేస్తానన్నాడు. పోతూ పోతూ తన ముఖం ఇంకాస్త తెల్లగా చెయ్యమన్నాడు.

ఉంచితే నాన్న హంతకుడు.

తీస్తే నాన్న అబద్ధాలకోరు — సినిమాలో ఉన్నానని మార్కెట్ అంతా చెప్పుకుని, లేని మనిషి.

మర్నాడు పని దిగి బిక్షమయ్యే వచ్చాడు, సంచి నిండా బత్తాయిలతో. తన షాట్ ఒక్కసారి చూపించమన్నాడు. సౌందర్య కాదనలేకపోయింది. ఆయన తెర దగ్గరికి జరిగి, కళ్లు చికిలించి చూశాడు.

"చేతులు గట్ల ఎర్రగున్నయేంది బిడ్డా? పసుపు మంచిగ లేకుండెనా?"

ఆయనకు హత్య సంగతి తెలియదు. హంతకుడి సంగతి తెలియదు. లోపం తన పసుపులోనే ఉందనుకున్నాడు. మళ్లీ తీసేటట్టుంటే మంచి పసుపు తెస్తానన్నాడు.

సౌందర్యకు కోపం ముంచుకొచ్చింది. ఏడుపు కూడా. ఒక బత్తాయి ఒలిచి, తొన నోట్లో పెట్టుకుంది.

ఆయన వెళ్లాక పనికి కూర్చుంది. నాన్న చేతుల చుట్టూ, గడప చుట్టూ గీత గీసింది. ఆ గీత లోపల పసుపును పసుపుగానే వదిలేసింది.

మిగతా అంతా ఎరుపే.

మిగతాలో ఇంకొకటి కనిపించింది. శవాన్ని తాకిన వేళ్లు కడుక్కోకుండానే షూటింగ్ అంతా తిరిగిన మనిషి ఒకడున్నాడు. టీ తాగుతూ... సెల్యూట్ చేస్తూ... గడ్డం నిమురుకుంటూ... ప్రతి షాట్‌లోనూ ఆ వేళ్లకు పసుపు. ఇప్పుడు ప్రతి షాట్‌లోనూ ఎరుపు.

వాటి చుట్టూ ఆమె గీత గీయలేదు.

అద్దం ముందు మీసం మెలేస్తున్న ఇన్‌స్పెక్టర్‌ను తెచ్చి ఆఖరున పెట్టింది. కార్తీక్ వచ్చి చూశాడు. సినిమా తన ముఖంతో ముగుస్తోందని చూసి, నిన్నటి హంతకుణ్ణి మరిచేపోయాడు. ముఖం మస్తుగా వచ్చిందన్నాడు. వేళ్లు చూడలేదు.

ముఖం ఉండగా వేళ్లెవరు చూస్తారు!

శనివారం. ముందు వరుసలో కార్తీక్, అతని చుట్టాలు. వెనక వరుసల్లో మార్కెట్ హమాలీలు, వాళ్ల మధ్య ఇస్త్రీ చొక్కాలో బిక్షమయ్య. తెర మీద ఆయన తలెత్తి నవ్వగానే ఈల పడింది. చేతులు పసుపు. గడప పసుపు. ఆయన పక్కవాడి తొడ మీద చరిచాడు.

ఆఖరున అద్దం. మీసం. ఎర్రటి వేళ్లు.

నాన్నతో బస్తాలు మోసే అంతయ్య పక్కవాడికి తాపీగా చెప్పాడు. ఆ మాట ముందు వరుస దాకా వినిపించింది.

"గా పోలీసాయనే చంపిండు. ఎప్పటిసంది చూస్తున్న, చేతులే కడగలే."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది.

కార్తీక్ లేచి, వెనక్కి తిరిగి, చీకట్లో సౌందర్య కోసం వెతుకుతున్నాడు. ఆమె దాక్కోలేదు. అతని వైపు చూడనూ లేదు. తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. తన పేరు వస్తుందేమోనని బిక్షమయ్య లేచి నిలబడ్డాడు...