కూతురు దాచుకున్న సగం మాట

హిందూపురం స్టేషను నుంచి కూతురి ఇంటికి పోయే దారిలో బాలప్ప రెండుచోట్ల ఆగడం మొదలుపెట్టాడు. మొదట ఇత్తడి సామాన్ల అంగడి ముందు, ఆ తర్వాత వీధి మలుపులో. భుజం మీది పట్టుచీరల మూట దించకుండానే నిలబడి, బేరానికి వచ్చినవాడిలా చెంబుల వైపు చూసేవాడు. కాసేపటికి మళ్ళీ నడిచేవాడు.

మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతూ చౌడేశ్వరి అది గమనించింది. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టిన పిల్ల ఆమె. బెల్లం మండీలో గుమాస్తా అయిన శ్రీరాములుకిచ్చి ఈ ఊరికి పంపి పన్నెండేళ్ళయింది. నాయన నెలకోసారి రైల్లో వచ్చి, అంగళ్ళలో చీరలిచ్చి, ఒకపూట ఆమె ఇంట్లో తిని వెళ్తాడు. వచ్చినప్పుడల్లా ఆ దారిలో విసవిసా నడిచి వచ్చే మనిషి. ఆయనకు ఈ చెంబుల పిచ్చి ఎప్పుడు పట్టుకుంది?

"ఏం నాయనా, ఆ అంగడి కాడ ఏం చూస్తాండావు?" అంది అన్నం వడ్డిస్తూ.

"ఏముండాది మ్మా. చెంబులు."

"మూణ్ణెల్లుగా చూస్తాండావు. ఒగటన్నా కొన్న్యావా?"

బాలప్ప నవ్వేసి ఊరుకుందామనుకున్నాడు. కూతురు కదలకుండా నిలబడేసరికి చెప్పక తప్పలేదు. "నడిస్తే ఈడ ఎద మింద రాయి పెట్టినట్లుంటాది. నిలబడితే పోతాది. వాయువు మ్మా అది. వాము నములుతాండా."

"చెయ్యేమన్నా నొస్తాదా?"

"ఎడమచెయ్యి లాగుతాది. యాభై ఏండ్లు మగ్గం మింద ఆడిన చెయ్యి, లాగకుండా ఉంటాదా?"

చౌడేశ్వరి గరిటె గిన్నెలో పెట్టేసింది. రెండేళ్ళ కిందట ఆమె చిన్నాయన ఎల్లప్ప, అన్నం తిని లేచి చెయ్యి కడుక్కుంటూ కూలిపోయాడు. ఎత్తి కూర్చోబెట్టేలోగా ప్రాణం పోయింది. ఆయన కూడా అంతకుముందు వాయువనే అనేవాడు. ఆ సంగతి తండ్రికీ కూతురికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇద్దరూ పైకి అనలేదు.

అది పంతొమ్మిది వందల నలభై ఒకటి, వానలు వెనకబట్టిన రోజులు. ఆ మరుసటి నెల నాయన వచ్చినప్పుడు, తిరుగు రైల్లో ఆమె కూడా ఎక్కింది. పెనుకొండలో దిగి, ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ డాక్టరు కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చినాయన. మందు రాసేముందు మనిషిని కూర్చోబెట్టి మాట్లాడిస్తాడని ఆమె విని ఉంది.

"నొప్పి సూదితో పొడిచినట్లుంటుందా, నొక్కేసినట్లుంటుందా పెద్దాయనా?"

"నొక్కినట్లే సామీ. ఒగోసారి దవడ దాకా వస్తాది."

"ఎప్పుడొస్తుంది? తిన్నాకా, నడిస్తేనా?"

"నడిస్తే. మూట ఉంటే బిరీన, నాలుగడుగులకే వస్తాది. తిన్నెంకా నడిస్తే ఇంగా బిరీన. చలిగాలి కొట్టినా వస్తాది."

"ఆగితే?"

"ఆగితే పోతాది. అందుకే కదా వాయువనుకుంటి."

డాక్టరు గొట్టం పెట్టి ఎదంతా విన్నాడు. నాడి పట్టుకుని చాలాసేపు గడియారం వైపు చూశాడు. ఆఖరికి, "గొట్టానికి ఏ చప్పుడూ తేడాగా వినపడటం లేదు. అయినా నువ్వు చెప్పిన మాట నాకు నచ్చలేదు," అన్నాడు. గుండెకు కూడా రక్తం అందాలని, అది పోయే దారి ఇరుకైతే నడిచినప్పుడు చాలదని, అప్పుడు గుండె ఇట్లా మొరపెట్టుకుంటుందని విడమరిచి చెప్పాడు. చిన్న సీసాలో ఆవగింజలంత మాత్రలిచ్చాడు. నొప్పి వస్తే ఉన్నచోటనే కూర్చుని ఒకటి నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు. తల దిమ్మెక్కుతుంది, భయపడొద్దు. బెంగళూరులో గుండె బొమ్మ తీసే మిషను ఉందని, అక్కడి పెద్ద డాక్టరుకు ఉత్తరం రాసిచ్చాడు.

బెంగళూరుకు చౌడేశ్వరే వెంట పోయింది. మండీలో పని ఎక్కువగా ఉండి శ్రీరాములుకు వీలుకాలేదు. పైగా వీధిలో అందరితో మాట్లాడి మాట్లాడి ఆమెకు కన్నడం బాగా వచ్చు. రైల్లో బాలప్ప గట్టిగా రెండు మాటలు మాట్లాడలేదు. ఆసుపత్రి మెట్లెక్కుతుంటే మాత్రం ఆమె కొంగు పట్టుకుని, "కరెంటు పెడతారంటనే పాపా?" అన్నాడు. ఆమె చిన్నప్పుడు తప్ప ఆయన అట్లా పాపా అని పిలిచింది లేదు.

ఆయనను చొక్కా విప్పించి బల్ల మీద పడుకోబెట్టారు. రెండు మణికట్లకూ, ఎడమకాలి మడమ పైనా ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డలు చుట్టి, రేకులు కట్టి, తీగలు తగిలించారు. కదలొద్దన్నారు. బీరువా అంత మిషను సన్నగా గుర్రుమంది. షాకేమీ కొట్టలేదు. బొమ్మ కడిగి ఆరబెట్టాలి, రేపు రమ్మన్నారు.

మరునాడు పెద్ద డాక్టరు బాలప్పను బయట బెంచీ మీద కూర్చోమని, కూతురినొక్కదాన్నే లోపలికి పిలిచాడు. నల్లటి కాగితం మీద తెల్లటి గీత, చీర అంచు మీది గుడిగోపురాల వరసలా ఎక్కుతూ దిగుతూ పోతూ ఉంది. ఆయన కన్నడంలో మెల్లగా చెప్పాడు. "ఇందులో తప్పేమీ కనపడలేదమ్మా. గుండె కొట్టుకునే వరస బాగానే ఉంది. పాత దెబ్బ గుర్తులు కూడా లేవు."

చౌడేశ్వరి రెండు చేతులూ జోడించింది.

"ఆగు, పూర్తిగా విను. ఇది మీ నాయన కదలకుండా పడుకున్న కాసేపట్లో తీసింది. ఆయనకు నొప్పి వచ్చేది నడిచినప్పుడు. పడుకున్నప్పుడు గుండె బాగానే ఉంటుంది, బొమ్మ కూడా బాగానే వస్తుంది. దీన్ని చూసి జబ్బు లేదనుకోవద్దు. ఆయన నోటితో చెప్పినదే ఈ కాగితం కంటే పెద్ద రుజువు. జబ్బు ఉంది. మూటలు మోయకూడదు, ఎత్తులు ఎక్కకూడదు, కడుపు నిండా తిని నడవకూడదు. మాత్రల సీసా ఎప్పుడూ మొలలో ఉండాలి. ఇప్పుడు నడిస్తే వచ్చే నొప్పి రేపు కూర్చున్నా వచ్చిందనుకో, లేకపోతే ఎక్కువసేపు ఉండి చెమటలు పట్టాయనుకో, అప్పుడు ఒక్క అడుగు వేయనీయకండి. పడుకోబెట్టి డాక్టరును పిలవండి. ఇదంతా ఆయనకు నువ్వే నెమ్మదిగా చెప్పు. భయపెట్టకుండా చెప్పు."

ఆమె ప్రతి మాటా విన్నది. తలూపింది. బయటికి వచ్చింది.

బాలప్ప బెంచీ మీద లేడు. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు గుంటలు పడి, ఒక్క రాత్రిలో పదేళ్ళు మీదపడినట్లున్నాడు. "ఏమన్న్యాడు మ్మా?" అన్నాడు.

"బొమ్మ బాగుండాది నాయనా. ఏం తప్పు ల్యాదంట."

ఆయన అక్కడే కూలబడ్డాడు. తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "ఎల్లప్ప మాదిరే నేనూ పోతాననుకుంటి మ్మా. మూణ్ణెల్లుగా నిద్ర ల్యాదు. మీయమ్మకు చెప్పల్యా, నీకు చెప్పల్యా..." అంటూ ఆమె చెయ్యి వదల్లేదు. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస కూడా ఆయనకు లేదు.

మిగతా సగం మాట చౌడేశ్వరి నాలుక మీదే ఉంది. ఆ ముఖం చూసి చెప్పలేకపోయింది. రైలెక్కాక చెబుదామనుకుంది. రైల్లో ఆయన ఎదురుగా కూర్చున్నవాళ్ళకు ఆసుపత్రిలో ఇచ్చిన బొమ్మ కాగితం చూపించి మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. హిందూపురంలో దిగి చెబుదామనుకుంది. అక్కడ మనవడిని భుజం మీదికి ఎక్కించుకుని వీధి చివరిదాకా తిప్పుకొచ్చాడు. ఆ రోజు నొప్పి రాలేదు. వద్దని అరవబోయి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ధర్మవరం పోయేముందు మాత్రం, "మూటలు మోయొద్దు నాయనా, ఎవురికన్నా ఇయ్యి," అంది.

"ఎందుకు? గుండె బాగుంటే మోసేకేం?" అన్నాడాయన.

దానికి ఆమె దగ్గర జవాబు ఉంది. ఇవ్వలేదు.

ఆ కార్తీకంలో, మళ్ళీ పుష్యంలో రెండు కార్డులు రాసింది. చలిలో తిరగొద్దు, మాత్రలు దగ్గర పెట్టుకో అని. కారణం మాత్రం రాయలేదు. నాయనకూ, తల్లి కుళ్ళాయమ్మకూ చదువు రాదు, కార్డు ఎవరో చదివి వినిపించాలి. అందరి ముందూ జబ్బు మాట ఎందుకనుకుంది. పండక్కి పోయినప్పుడు పక్కన కూర్చుని చెబుదామనుకుంది. ఆ పండక్కి పిల్లాడికి జ్వరం వచ్చి పోలేకపోయింది. నాయన వచ్చినప్పుడు మిద్దె మీది నుంచి చూస్తే, చెంబుల అంగడి ముందు ఆగకుండానే వస్తున్నాడు. తగ్గిందేమోననుకుని ఆమె అప్పుడూ చెప్పలేదు. ఆ దారిలో ఆగితే కూతురు చూస్తుందని ఆయన స్టేషను గేటు దగ్గరే కూర్చుని, నొప్పి తగ్గాక బయల్దేరుతున్నాడని ఆమెకు అప్పుడు తెలియదు.

మాఘంలో ఒక మధ్యాహ్నం పెనుకొండ నుంచి తంతి వచ్చింది.

ఆమె పోయేసరికి ఆసుపత్రి వరండాలో బాలప్ప మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. అక్కడి అంగళ్ళలో చీరలివ్వడానికి దిగి, స్టేషను నుంచి ఊళ్ళోకి ఎక్కే రోడ్డు మీద, మూట భుజాన ఉండగానే కూర్చుండిపోయాడట. బండివాడు ఎక్కించుకుని తెచ్చాడు. ఆసుపత్రికి వచ్చాక పావుగంట బతికాడు. చొక్కా అంతా చెమటతో తడిసి ఉంది. డాక్టరు ఆయన మొలలో, జేబుల్లో మాత్రల కోసం వెతికాడు. సీసా లేదు.

"బెంగళూరులో ఏం చెప్పారమ్మా?" అని అడిగాడాయన.

ఆమె అంతా చెప్పింది. డాక్టరు విని, తెల్లగుడ్డ అంచు సర్దాడు. "చెప్పినా ఆగేవాడో లేదో," అన్నాడు చివరికి. ఆమెను తేలికపరచడానికి అన్న మాట అది. తేలిక కాలేదు.

కర్మంతరం అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. ధర్మవరం ఇంట్లో తల్లీ కూతురూ మిగిలారు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. కుళ్ళాయమ్మ గోడకు చేరగిలబడి, "బొమ్మ బాగుండాదన్న్యారు కదమ్మే. మల్ల ఎట్ల పోయినాడు?" అంది. పదకొండు రోజుల్లో ఆ మాట ఎంతమందిని అడిగిందో.

చౌడేశ్వరి ఆమె ముందు కూర్చుంది. "అమ్మా, డాక్టరు చెప్పినేది అంతే కాదు. సగమే చెప్పినా నేను."

కుళ్ళాయమ్మ తలెత్తి చూసింది. తిట్టలేదు. "మిగిలింది చెప్పు," అంది.

"ఇప్పుడెందుకమ్మా..."

"చెప్పు. నాకు వినల్ల."

చౌడేశ్వరి మొదటి నుంచీ చెప్పింది. పడుకున్నప్పుడు తీసిన బొమ్మ అనీ, దాన్ని నమ్మొద్దన్నారనీ చెప్పింది. మూటలు మోయకూడదని చెప్పింది. "ఆ," అంది కుళ్ళాయమ్మ. కడుపు నిండా తిని నడవకూడదంది. "ఆ." సీసా మొలలోనే ఉండాలంది. "ఆ." తల్లి ఒక్కో మాటకూ తలూపుతూంది, ఇంకా చేయాల్సిన పనులు ఎవరో అప్పజెబుతున్నట్లు.

"కూచున్నప్పుడు నొప్పొస్తే, చెమట్లు పడితే, అడుగు తీసి అడుగు వేయనీయొద్దు, డాక్టర్ను పిలవండన్న్యాడు."

కుళ్ళాయమ్మ ఈసారి 'ఆ' అనలేదు. ముఖం పక్కకు తిప్పుకుంది. మగ్గం వైపు చూస్తూ, "మగ్గం కాడ ఊరికే కూచున్నప్పుడు వచ్చె," అంది. "మూడుసార్లు. తడిగుడ్డ పిండినట్లు కారె చెమట. చౌడికి కార్డు రాపిద్దామంటి. ఒట్టు పెట్టిచ్చుకున్న్యాడు మ్మే నాతో. ఆ కాయితం చూసి పాప ఎంత సంతోషపన్న్యాదో, మల్ల దాన్ని ఏడిపిచ్చొద్దన్న్యాడు."

చౌడేశ్వరికి కాసేపు మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల్లి ఒళ్ళో తల పెట్టి, చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది. కుళ్ళాయమ్మ ఊరుకోమనలేదు. ఆమె కూడా ఏడుస్తూనే కూతురి జుట్టు ముడి విప్పి, చిక్కులు తీయసాగింది. పక్కింటి పాపమ్మ ఏడుపు విని గడప దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెనక్కి తిరిగింది.