సోమ్లా మెడలో సంచి

తెల్లవారుతుండగానే కమ్లి తన భర్త సోమ్లా మెడలో సంచి వేసింది. అంచులకు గవ్వలు, నడుమ అద్దాలు. మూతకు పాత హ్యాండ్‌బ్యాగు నుంచి ఊడదీసిన బొత్తం కుట్టింది. దగ్గరికి తెస్తే చాలు, టక్కున అతుక్కుంటుంది. ఫ్లాపీని అందులో తనే పెట్టి, చొక్కా మీద నుంచి ఓసారి తడిమి చూసుకుంది. నెలనెలా ఇంతే.

సోమ్లా సూర్యాపేటలో బ్యాంకు అటెండరు. కంప్యూటరంటే ఇంకా చెప్పులు విడిచి అడుగుపెట్టే గది ఆ రోజుల్లో. అక్కడి లెక్కలు టెలిఫోను తీగ మీద కోదాడకూ మిర్యాలగూడకూ పోతాయి. దారిలో ఎవడు విన్నా అర్థం కాకుండా వాటిని కలగాపులగం చేసి పంపుతారు. మళ్లీ సరిచేసే తాళంచెవి నెలకోసారి మారుతుంది. దాన్నీ అదే తీగ మీద పంపితే ఇక తాళమెందుకు? అందుకని ఫ్లాపీలో పెట్టి, ముందురోజు సాయంత్రమే సోమ్లా చేతికిస్తారు. అది ఇంట్లో ఉన్న రాత్రి కమ్లి గడప దాటేది కాదు.

అయితే మెడలో ఉన్నది ఆ ఫ్లాపీ కాదు. అసలుది చేతిసంచిలో, ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. బస్సెక్కాక సోమ్లా దాన్ని గుండెకు దూరంగా, మోకాలి చివర పెట్టి పట్టుకున్నాడు.

"ఏందే, పామును తీస్కపోతున్నవా?" అన్నాడు పక్క సీటాయన. సోమ్లా కూడా నవ్వాడు.

ఈ తిప్పలన్నీ మొదటి నెలలోనే వచ్చిపడ్డాయి. ఆనాడు కోదాడ ఆఫీసరు మత్తయ్య ఫ్లాపీ పెట్టి చూసి, "ఇందులో ఏమీ లేదయ్యా సోమ్లా" అన్నాడు. సంచిని బల్లమీద పెడితే గుండుసూది వచ్చి బొత్తానికి అతుక్కుంది. "అయస్కాంతం. మొత్తం తుడిచేసింది."

మరొకటి తెమ్మని వెనక్కి పంపారు. మిర్యాలగూడ మేనేజరు అన్నమ్మ పొద్దుగూకేదాకా అతని కోసం కూర్చుంది. తిట్లు తిన్నందుకు సోమ్లాకు బాధ లేదు. చూపు మందగించినా సూదిని వదలని మనిషి కమ్లి.

"మా ఇంటిదానికి చెప్పకుండ్రి మేడం," అని అన్నమ్మను బతిమాలుకున్నాడు. "తన చేత్తోనే ఖరాబైందని తెలిస్తే మల్ల సూది పట్టది."

పాడైన ఫ్లాపీని అడిగి తీసుకున్నాడు. అప్పటి నుంచి కమ్లి చేతికిచ్చేది దాన్నే.

ఇవాళ కోదాడ పని తొందరగానే అయింది. గరిడేపల్లి దాటాక ఎడమచెయ్యి గుంజింది. చేతిసంచిని కుడిచేతికి మార్చుకున్నాడు. మిర్యాలగూడలో డబ్బా అందుకుంటూ అన్నమ్మ అతని మొహం చూసింది.

"అట్లున్నవేంది సోమ్లా? దవాఖానకు పో."

"జర కూసుంటె అయితది మేడం. తాళం తెరుసుకున్నదని చెప్పుండ్రి, పోత."

ఆ మాట వినకుండా అతను ఏనాడూ కదలలేదు. ఇంటికెళ్లగానే కమ్లి అడిగేదీ అదే. వరండాలో బల్లమీద కూర్చుని, గోడకు తల ఆనించాడు.

కాసేపటికి అన్నమ్మ బయటికొచ్చి, "తెరుచుకుంది సోమ్లా" అంది. అతను కదల్లేదు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, మళ్లీ చెప్పింది. ఖాళీ చేతిసంచి గుండెకు దూరంగా, బల్ల చివర ఉంది.

దినాలు ముగిశాక కమ్లి వచ్చింది. ఆ బల్లను చేత్తో తడిమి కూర్చుంది. కొంగులోంచి సంచి తీసింది.

"తాళంచెవి దీంట్లనే ఉండిపోయింది మేడం. ఇయ్యకుండ పోయిండని ఆయన పేరు ఖరాబు గావద్దని తెచ్చిన."

అన్నమ్మ ఫ్లాపీని రెండు చేతులా అందుకుని లోపలికెళ్లి, కంప్యూటరులో పెట్టింది. అందులో ఏమీ లేదు. కళ్లు తుడుచుకుని బయటికొచ్చింది.

"తెరుసుకున్నదా?" అంది కమ్లి.

"తెరుచుకుంది కమ్లమ్మా."

సంచి తిరిగివ్వబోతే కమ్లి వద్దంది. "ఉండనీయుండ్రి. ఆయన జాగల వచ్చెటోనికి పనికొస్తది."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. అన్నమ్మ బల్లమీద సంచి ఉండిపోయింది, బొత్తానికి ఓ గుండుసూది అతుక్కుని.