మొదట వచ్చిన కార్డు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురే. కూర గిన్నె ముందు నాయిన పోశాలు, ఎదురుగా బొక్కలు చీకుతున్న మేనమామ అమర్, పొయ్యి దగ్గర అమ్మ యాదమ్మ, గడప పక్కన ఉత్తరం రాయడానికి పెన్నూ కాగితంతో సుమ.

సరిహద్దులో యుద్ధం మొదలయ్యాక సైన్యంలో ఉన్న అన్న భాస్కర్ దగ్గర ఫోను తీసేసుకున్నారు. ఇక ఉత్తరాలే దిక్కు. నిన్నటి ఉత్తరంలో అతను అడిగింది ఒక్కటే. 'ప్రభువును నమ్మినోణ్ణి, మనిషిని చంపలేను నాయినా. తుపాకి బదులు దెబ్బ తాకినోళ్లను మోసే పని ఇయ్యమని సారును అడిగిన. మీరు సరేనంటే చాలు, ఎవరేమన్నా నిలబడుత.'

"చిట్యాల చౌరస్తల తుపాకి పట్టిన ఫొటోతోని ఫ్లెక్సీ కట్టిచ్చిన. పక్కన నా ఫొటో. రేపు ఓట్లకు తిరిగితే ఏమని చెప్పాలె? స్ట్రెచర్లు మోస్తుండనా?" అన్నాడు నాయిన.

"చిన్నప్పటి సంది చర్చికి తోల్కపోయి నువ్వే ఖరాబు జేసినవ్ బావా," మామ పగలబడి నవ్వాడు. "రాయి కోడలా, తుపాకి పడితేనే నా కొడుకువని."

ఆ ఇంటి నుంచి పోయే ఉత్తరమేదైనా పైన బైబిలు వాక్యం ఉండాల్సిందే. వాక్యాల కార్డులుండే వాగ్దానాల డబ్బాలోంచి అమ్మ కళ్లు మూసుకుని కార్డు తీస్తుంది. ఏది వస్తే అదే దేవుని మాట.

అమ్మ తీసింది. పగవాణ్ని ప్రేమించమని వచ్చింది.

"గిది గాదు. ఇంకోటి తియ్," అన్నాడు నాయిన.

రెండోదీ శాంతి మాటే. మామ డబ్బా గుంజుకుని నేల మీద బోర్లించాడు. కూర అంటిన వేళ్లతోనే కార్డులు తిరగేస్తూ, నచ్చనివి బొక్కల మీదికి విసిరేస్తూ, చివరికి యుద్ధం మాట ఉన్నది పట్టుకున్నాడు.

"దొరికింది బావా! గిది గూడ దేవుని మాటనే గద!"

కార్డు మీద పచ్చటి నూనె మరక. నాయిన దాన్ని భక్తిగా కళ్లకద్దుకున్నాడు. చుట్టాలొస్తే అర్రలో దాక్కునే సుమ తల ఎత్తింది.

"మొదలు వచ్చిందే రాస్త."

"ఏందే?" నాయిన ఉరిమాడు.

"అమ్మ తీసింది దేవుని మాట. గది మీరు ఏరుకున్నది. అన్నకు సరే అనే రాస్త."

"చూసినవా బావా, మూగ కోడలుకు మాటలొచ్చినయ్!"

బొక్కల్లోంచి మొదటి కార్డు ఏరి, సుమ చున్నీతో తుడిచింది. అమ్మ వైపు చూసింది. అమ్మ పొయ్యిలో కట్టె సర్దుతోంది.

నాయిన ఆమెను జబ్బ పట్టి వాకిట్లోకి నెట్టాడు. "పో! అక్కడ్నే రాసుకో!"

నెట్టింది నాయినే. లేచి వచ్చి, కూతురి ముఖం చూడకుండా తలుపు వేసింది మాత్రం అమ్మ.