గోడకేసి నిలబడ్డ వీరుడు

ఆ వీడియో గేమ్ అమ్మిన కొట్టువాడు నోటికొచ్చింది చెప్పే రకం. "ఇద్దరూ కలిసి ఆడుకోవచ్చమ్మా" అని నమ్మబలికాడు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఆ ఒక్క మాటకే పడిపోయారు. ఇంటికి తెచ్చి పెట్టాక తెలిసింది, ఆడేది ఒక్కరే, రెండోవాళ్ళు పక్కన కూర్చుని చూడాలని. అప్పట్లో అదీ బాగానే ఉండేది. ఆమె భర్త భుజానికి ఆనుకుని "ఎడమకి, ఎడమకి!" అని అరిచేది. అతను కుడికే తిప్పి, ఎగిరే వీరుణ్ణి తీసుకెళ్ళి ఏ మేడకో గుద్దేవాడు.

తర్వాత అతనికి బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ పడింది. ఆమెది ఆసుపత్రి లాండ్రీలో పగటి డ్యూటీ. అతను కనుబొమల దాకా పిండి పూసుకుని ఇల్లు చేరేసరికి ఆమె బస్సెక్కి వెళ్ళిపోయి ఉంటుంది. ఆమె దుప్పట్లు మడిచి మడిచి చేతులు పడిపోయి వచ్చేసరికి గుమ్మంలో అతని చెప్పులుండవు. సెలవులు కూడా వేర్వేరు రోజులు, అవీ నిద్రకే సరి. ఫోన్లో మాట్లాడుకునేది కరెంటు బిల్లు గురించి, అత్తగారి మందుల గురించి. పడుకునేది ఒకే మంచం మీద, కాకపోతే వంతులవారీగా. దీన్ని కాపురం అనాలంటే గుండె ధైర్యం కావాలి.

ఆ ఆటే వాళ్ళిద్దరికీ మిగిలింది. అందులో వీరుణ్ణి ఎక్కడ వదిలేస్తే అక్కడే ఉంటాడు, మళ్ళీ తెరిచినవాళ్ళకి అక్కడే కనిపిస్తాడు. ఆమె సాయంత్రం కాసేపు ఎగరేసి, భర్తకి నచ్చే చోటు వెతికి నిలబెట్టేది. ఒకరోజు వంతెన కొమ్మున, ఒకరోజు గడియార స్తంభం మీద. మర్నాడు తెరిస్తే అతను ఇంకెక్కడో నిలబెట్టి ఉండేవాడు, ఓడరేవులో పసుపు క్రేను మీదో, వాన పడుతున్న డాబా మీదో. ఆ చోటు చూస్తే చాలు, ఇవాళ అతని మనసు కుదురుగా ఉందో లేదో ఆమెకి తెలిసిపోయేది.

సోఫాలో కూర్చుని ఇద్దరి ఆటా చూసే అత్తగారికి మాత్రం వేరే అభిప్రాయాలుండేవి.

"ఎగరడం భలే పెట్టారే, నాకే కడుపులో తిప్పుతుంది. కానీ ఇంత ఊరు కట్టి ఒక్క తలుపూ తెరుచుకోదేం? ఎవణ్ణి పలకరించినా 'ఇవాళ ఎండగా ఉంది' అంటాడు, వానలో కూడా! రోజూ అదే బ్యాంకు, అదే దొంగ. వాడికైనా విసుగు పుట్టదూ?"

"మీరు మరీ అత్తయ్యా. పొద్దుగుంకుతుంటే ఆ కిటికీలు ఎలా వెలుగుతున్నాయో చూడండి."

"వెలుగుతున్నాయి సరే, లోపలెవరున్నారు?"

ఆమె మాత్రం వెలిగే ప్రతి కిటికీ వెనకా ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని తింటున్నట్టు ఊహించుకునేది.

ఈ మధ్య వీరుడు కదలడం మానేశాడు. లైట్‌హౌస్ మీద ఆమె నిలబెడితే, మర్నాడు సాయంత్రానికీ లైట్‌హౌస్ మీదే ఉన్నాడు. భర్త అలసిపోయి ఉంటాడులే అని సర్దిచెప్పుకుంది. ఆ తర్వాతా అంతే. అతనికి విసుగొచ్చింది ఆట మీదా, తన మీదా? ఫోన్ చేసి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఒళ్ళుమండి వీరుణ్ణి ఒక సందులోకి దింపి, చెత్తడబ్బా పక్కన గోడకేసి నిలబెట్టి టీవీ కట్టేసింది. కనీసం దానికైనా కదుపుతాడనుకుంది.

మర్నాడూ గోడే. ఆ మర్నాడూ గోడే.

ఆమెకి ఏడుపు ఆగలేదు. రిమోట్‌కి వైరు చుట్టి బీరువాలో పెట్టేయబోయింది.

"మీ అబ్బాయికి దీని మీద మనసు విరిగిపోయింది అత్తయ్యా. నా మీద కూడానేమో."

"విరగడమేమిటే? రోజూ పెడుతున్నాడుగా."

ఆమె చేతిలో వైరు ఆగిపోయింది.

"వచ్చీ రాగానే టీ కప్పు పట్టుకుని అదే పెడతాడు. ఆడడు, కదపడు. ఆడుకోరా అంటే, 'తను చూసిన చోటే కాసేపు నేనూ చూస్తానమ్మా, కదిపితే తను లేచి వెళ్ళిపోయినట్టుంటుంది' అంటాడు. ఆ లైట్‌హౌస్ దగ్గరైతే టీ చల్లారిపోయినా లేవలేదు. నిన్నటినుంచి గోడ చూస్తూ తాగుతున్నాడు పిచ్చి సన్నాసి! అందులో ఏముందిరా అంటే, 'ఏదో ఉంటుంది, లేకపోతే తనెందుకు నిలబెడుతుంది' అంటాడు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా?"

మర్నాడు పొద్దున ఆమె బస్టాపుకి వెళ్ళలేదు. లాండ్రీ సూపర్‌వైజరు నోరంటే ఆమెకి భయమే, అయినా వెళ్ళలేదు. టీ పెట్టి, టీవీ వేసి సోఫాలో కూర్చుంది. తలుపు తీసుకుని వచ్చిన అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నువ్వింకా వెళ్ళలేదా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. రా, కూర్చో."

పక్కన కూర్చున్నాడు. వాళ్ళిద్దరి ముందూ గోడ.

"ఏం కనిపించింది ఇందులో నీకు?" అంది, అతని మొహం చూడకుండా.

"మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత చూస్తే, ఇదిగో, ఈ పెచ్చులూడిన మూల. పిల్లల ఎత్తు కొలిచిన గీతలున్నాయి చూడు, ఒకదాని మీద ఒకటి. ఎవరూ రాని సందులో కూడా ఆట తయారుచేసినవాళ్ళు ఇంత పని చేశారు. నువ్వు చూపించాలనుకుంది ఇదేగా?"

ఆమె ఆ గీతల్ని చూడడం అదే మొదటిసారి.

"ఇదే" అంది.

కింద ఆసుపత్రికెళ్ళే రెండో బస్సు కూడా హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఇద్దరూ గోడ చూస్తూ టీ తాగారు.