అరగని మాట

"ఎక్కినవాళ్లు తలుపెయ్యండర్రా, లోపలి వేడంతా వీధిపాలవుతోంది!" అని అరవడంతోనే రౌషాన్‌కి తెల్లారేది. ఆవిడ పన్నెండో నంబరు బస్సులో కండక్టరు. ఆ గడ్డిమైదానాల ఊళ్లో శీతాకాలం పగబట్టిన దాయాది లాంటిది, కనురెప్పల్ని కూడా వదలదు. రౌషాన్ పెద్ద బస్సు నడిపే లైసెన్సు తెచ్చుకుని, కోటు లోపలి జేబులో పెట్టుకుని తిరిగేది పాపం. స్టీరింగు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

విందుకి రాలేనివాళ్ల కోసం బల్లమీది తిండి మూటగట్టి తీసుకెళ్లడం అక్కడి ఆనవాయితీ. దాన్ని సర్కిత్ అంటారు. రౌషాన్ నీలం శాలువాలో మూటగడితే, తిండితోపాటు బల్లదగ్గరి మాటలూ వచ్చేసేవి. కొరికితే చాలు, వినిపించేవి. కాళ్లు పడిపోయిన అత్తగారు కునికెయ్, ఊళ్లో పెళ్లిళ్లన్నీ మంచంలోంచే వినేసింది. "పోయినసారి మాంసం ముక్కల్లో తాగుబోతు పాటలే ఎక్కువే అమ్మాయ్, ఈసారి కాస్త చూసి కట్టు," అని సణిగేది కూడా.

డిపో వాళ్ల కొత్త సంవత్సరం విందుకి రౌషాన్ చలికి ఫెల్టు బూట్లతో వెళ్లి, గుమ్మం దగ్గర ఎత్తుమడమల చెప్పులు వేసుకుంది. గుర్రపు మాంసం పొగలు కక్కుతోంది. డైరెక్టరు సేరింబెత్ గ్లాసెత్తి లేచాడు.

"రౌషాన్! కొత్త సంవత్సరంలో పన్నెండో నంబరు బస్సు నడిపేది నువ్వే! మాటంటే మాట!"

చప్పట్లు మోగాయి. "వచ్చిందండీ, ఏటేటా వచ్చే వాగ్దానం," అని డ్రైవరు తోలెగెన్ గొణిగాడు. పక్కవాళ్లు కిసుక్కుమన్నారు. రౌషాన్‌కి తల కొట్టేసినట్టయింది. పోయినేడు విందయ్యాక వెళ్లి అడిగితే, "విందులో మాట విందులోనే అరిగిపోవాలి చెల్లెమ్మా," అని నవ్వేశాడు ఆ డైరెక్టరు మహానుభావుడు.

ఆ నవ్వుతోనే ఇప్పుడు, తను కొరికిన బౌర్సాక్‌ని, అదే, నూనెలో వేయించిన పిండిబూరెని, స్వయంగా ఆవిడ శాలువాలో వేశాడు. "మీ అత్తగారికి నా తరఫున!" పెద్దవాళ్లు పళ్లెంలోంచి తీసిస్తే కాదనకూడదు.

ఇంటికొచ్చి మూట విప్పేసరికి రౌషాన్‌కి ఏడుపొచ్చేసింది. జరిగిందంతా చెప్పింది. నోటిదాకా తీసుకెళ్లిన బౌర్సాక్‌ని కునికెయ్ దించేసింది.

"ఒసే పిచ్చిమొహమా, ఇది నాకెందుకు పెడతావే? ఏ నోట్లోంచి వచ్చిన మాట ఆ నోటికే పెట్టు. పో, బాల్కనీలో గడ్డకట్టించి దాచు."

సెలవులయ్యాయి. బయట ఉమ్మితే గడ్డకట్టే చలి. పొద్దున్నే డ్యూటీలు పంచే గదిలో అందరూ చేరారు. రౌషాన్ హీటరు మీద వెచ్చబెట్టిన బౌర్సాక్‌ని టీతో పాటు డైరెక్టరు ముందు పెట్టింది.

"అగాయ్," అని మర్యాదగా పిలిచింది, "మీకు టీలో ముంచుకుంటే ఇష్టం కదా."

తిండి కనబడితే ఆగే మనిషి కాదు. ముంచాడు, కొరికాడు.

"రౌషాన్! కొత్త సంవత్సరంలో పన్నెండో నంబరు బస్సు నడిపేది నువ్వే!" అని ఆయన నోట్లోంచి ఆయన గొంతే గదంతా మోగింది. గబుక్కున నోరు మూసుకున్నాడు. "మాటంటే మాట!" ముక్కులోంచి వచ్చింది. గుటుక్కున మింగేశాడు. పొట్టలో చప్పట్లు మోగాయి, మోగుతూనే ఉన్నాయి.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. రౌషాన్ మూటలోదని తెలుస్తూనే ఉంది.

"అరగలేదేమో అగాయ్?" అంది రౌషాన్.

గది గొల్లుమంది. "ఇంక ఇచ్చేయండి బాబూ, కడుపు ఉబ్బి చస్తారు!" అన్నాడు తోలెగెన్. సేరింబెత్ పొట్ట పట్టుకుని పన్నెండో నంబరు బస్సు తాళంచెవి బల్లమీద పెట్టాడు. ఆవిడ చెయ్యి దానిమీద పడగానే పొట్టలో చప్పట్లు ఆగాయి. ఈసారి గదిలోవాళ్లు కొట్టారు.

ఇంజను రెండుసార్లు మొరాయించి, మూడోసారి లొంగింది. రౌషాన్ గేరు వేసి, అద్దంలోంచి వెనక్కి చూసి అరిచింది: "తలుపెయ్యండర్రా! బయల్దేరుతున్నాం!"

చివరి స్టాపులో ఇంజను ఆపకుండానే రొట్టె తిని, మిగిలిన సగం నీలం శాలువాలో చుట్టింది. సాయంత్రం కునికెయ్ దాన్ని కొరికి, నమలడం ఆపి, చెవి ఒగ్గింది.

"ఈ గుర్రుగుర్రు ఏమిటే? ఎవరి పాట?"

"నాదే అత్తయ్యా. నా బస్సుది."

కునికెయ్ కళ్లు మూసుకుంది. "మెల్లిగా పోనియ్యవే," అంటూ మంచం అంచు గట్టిగా పట్టుకుంది, "మలుపొస్తోంది."